కొర్రీ వేసిన చెయ్యి

(కాచిగూడలో జరిగిన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



‘వయోవృద్ధులకు వైద్య సదుపాయాలు’ అనే విషయంపై నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను డాక్టరును కాను, ఉపన్యాసకుణ్ణీ కాను. ముప్పై మూడేళ్లు గుమాస్తాగా పనిచేసి 2009లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. అందులో చాలాకాలం నాది మెడికల్ రీయింబర్స్‌మెంటు బిల్లుల సీటు. కనుక మందుల సంగతి డాక్టర్లకు వదిలేసి కాగితాల సంగతి చెబుతాను.

కాగితం మీద మనకు లోటేమీ లేదు. 1972 నాటి మెడికల్ అటెండెన్స్ రూల్సు ఉన్నాయి. 2007లో వచ్చిన వయోవృద్ధుల చట్టంలో 20వ సెక్షను, ప్రభుత్వాసుపత్రుల్లో వృద్ధులకు వీలైనంతవరకు పడకలు ఇవ్వాలనీ, వేరే క్యూలు పెట్టాలనీ చెబుతుంది. 2013లో హెల్త్ కార్డుల ఉత్తర్వులు వచ్చాయి. 2016 డిసెంబరులో ఖైరతాబాదులో వెల్‌నెస్ సెంటరు తెరిచారు. 2024 అక్టోబరులో 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు ఆయుష్మాన్ భారత్ వర్తింపజేశారు. అన్నీ ఉన్నాయి. ముసలివాడు ఆ కౌంటరు దాకా చేరుకోవడమే కష్టం.

జిల్లాల్లో ఉన్నవారికి ఇది మరీ కష్టం. పట్నంలో అద్దెలు భరించలేక రిటైరవగానే సొంత ఊరికి పోయినవారు మనలో ఎందరో ఉన్నారు. మనిషి ఊళ్లో ఉన్నా ఫైలు మాత్రం పనిచేసిన ఆఫీసులోనే ఉంటుంది. బిల్లు పెట్టాలంటే అక్కడికే రావాలి. షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చేవారు మన కాచిగూడ స్టేషనులోనే దిగుతారు. ప్లాస్టిక్ సంచీలో ఎక్స్‌రే ఫిల్ములు పట్టుకొని మెట్ల దగ్గర నిలబడిన ముసలి దంపతులను మీరూ చూసే ఉంటారు.

1994లో అలా వచ్చిన ఒకాయన నాకింకా గుర్తున్నాడు. మా ఆఫీసులోనే అటెండరుగా చేసి రిటైరై, షాద్‌నగర్ దగ్గరి ఊరికి వెళ్లిపోయినవాడు. భార్య ఆపరేషన్ బిల్లు, 2,140 రూపాయలు. మొదటిసారి ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ మీద ఆసుపత్రి ముద్ర లేదని కొర్రీ రాసి తిప్పి పంపాను. ముద్ర వేయించుకొచ్చాడు. రెండోసారి రెండు మందుల రసీదులు ఒరిజినల్ కావని రాశాను. అప్పుడాయన బల్ల పట్టుకొని నిలబడి, “ఇంకేం తక్వున్నయ్ సారూ, అన్నీ ఒక్కపారే చెప్పుండ్రి” అన్నాడు. “రాసి పంపుతాం పెద్దాయనా” అన్నాను. మూడోసారి వచ్చేసరికి డిశ్చార్జి అయి ఆరు నెలలు దాటింది. గడువు మీరినదని రాశాను. ఆయన మళ్లీ రాలేదు.

నేను రూలు తప్పలేదు. మూడు కొర్రీలకూ ఆధారం ఉంది. మా సూపరింటెండెంటుగారు కూడా మెచ్చుకున్నారు. కానీ ముద్ర లేని సంగతి కనిపించిన రోజునే రసీదుల సంగతీ కనిపించింది నాకు. రెండూ ఒకే కాగితం మీద రాసి ఉంటే ఆయన ఒక్కసారే తిరిగేవాడు, గడువు దాటేది కాదు. ఎందుకు రాయలేదంటే, ఒక్కొక్క కొర్రీకి ఫైలు ఒకసారి సీటు దాటుతుంది, నెలాఖరు లెక్కలో పెండింగు తగ్గినట్టు కనిపిస్తుంది. ఈ కిటుకు తెలిసినవారు ఈ సభలో నేనొక్కణ్ణే కాదనుకుంటాను.

2022లో నా వంతు వచ్చింది. ఆదివారం రాత్రి నా భార్య స్నానాల గదిలో జారిపడింది, తుంటి ఎముక విరిగింది. తీసుకెళ్లిన ఆసుపత్రిలో కార్డు చూపిస్తే, ముందు డబ్బు కట్టండి, తర్వాత బిల్లు పెట్టుకోండి అన్నారు. బెంగళూరులోని అబ్బాయి అప్పటికప్పుడు పంపితే 1,86,000 కట్టాం. అంత సర్వీసు చేసిన నేను ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అడగడమే మరిచిపోయాను! ఆ కంగారులో ఎవరికైనా అంతే.

బిల్లు పట్టుకొని వెళితే నేను కూర్చున్న సీటు లాంటి సీట్లోనే ఒక చిన్నమ్మాయి ఉంది. “కూర్చోండి అంకుల్” అని కాగితాలన్నీ తిరగేసి, తక్కువైన మూడూ ఒక చీటీ మీద రాసిచ్చింది. “మళ్లీ మళ్లీ రాకండి, ఇవి తెస్తే చాలు” అంది. ఆ చీటీ చేతిలో పట్టుకొని, ఆ అమ్మాయికి సరిగా కృతజ్ఞత కూడా చెప్పలేకపోయాను. డబ్బు రావడానికి ఏడాది పైనే పట్టింది, అది వేరే కథ. నా భార్య వాకరుతో నడుస్తోంది. రెండో వరసలో కూర్చొని, ఈయన ఇదంతా ఇక్కడెందుకు చెబుతున్నాడా అని చూస్తోంది.

ఎందుకంటే, సంఘం గదిలో ఒక బల్ల వేయమని అడగడానికి. ప్రతి శనివారం పదకొండు నుంచి ఒంటిగంట వరకు నేను కూర్చుంటాను. బిల్లుల సీటు చూసినవారు ఇంకొకరు తోడైతే సంతోషం. డిశ్చార్జి సమ్మరీ, ఎసెన్షియాలిటీ, ఎమర్జెన్సీ సర్టిఫికెట్లు, ఒరిజినల్ రసీదులు, హెల్త్ కార్డు, అన్నిటికీ రెండేసి జిరాక్సులు తీసుకురండి. తక్కువేమిటో ఒక్కసారే చెబుతాం. రాలేనివారు మనవళ్ల చేత ఫోనులో ఫొటోలు తీయించి పంపినా చాలు, ఆరు నెలలు దాటకముందే పంపండి.

జిల్లాల నుంచి వచ్చేవారు ముందురోజు సంఘానికి ఒక ఫోను చేయించండి. నేను స్టేషనుకు వస్తాను. నా మోకాళ్లూ అంతంత మాత్రమే కనుక ఆఫీసుకు ఆటోలోనే వెళదాం.

సెలవు.