మొక్క ఎత్తున ఎంత వేడి?



చెన్నైలో ఇవాళ ఇన్ని డిగ్రీల ఎండ కాసిందని వార్తల్లో వింటూ ఉంటాం. ఆ లెక్క నుంగంబాక్కంలోనో మీనంబాక్కంలోనో నీడపట్టున, ఇంచుమించు మన ఛాతీ ఎత్తున ఉంచిన ఉష్ణమాపకం చెప్పినది. అదే వేళకు చింతాద్రిపేటలో రేకుల ఇంట్లో ఒక వేడి, వేపచెట్టు కింద మరొక వేడి. ఇలా ఒక్కొక్క చిన్న చోటుకు ఉండే వాతావరణాన్ని సూక్ష్మ వాతావరణం అంటారు.

చింతాద్రిపేట 1734లో నేతగాళ్ల కోసం వెలిసిన పేట. తమిళంలో తరి అంటే మగ్గం. 'చిన్న తరి పేట' అన్నదే ఈ పేరయిందంటారు. గుంట మగ్గం మీద నేసేవారికి ఊరి గాలి ఎలా ఉందన్నది కాదు, పడుగు దగ్గర చెమ్మ ఎంత ఉందన్నదే ముఖ్యం. చెమ్మ ఆరితే నూలు తెగుతుంది.

మొక్కల సంగతీ అంతే. ఉత్తర ధ్రువ ప్రాంతంలో టండ్రా అనే చెట్లులేని చలినేల ఉంది. అక్కడి మొక్కలు చాలావరకు నేలను కరచుకుని బతుకుతాయి. ఎండ కాసినప్పుడు వాటి దగ్గర గాలి, పైగాలికన్నా బాగా వెచ్చగా ఉంటుంది. భూమి వేడెక్కితే వాటి గతి ఏమిటో తెలుసుకోవడానికి 1990లో అంతర్జాతీయ టండ్రా ప్రయోగం మొదలైంది. కెనడాలోని అలెగ్జాండ్రా ఫియర్డ్ వంటి చోట్ల, మొక్కల చుట్టూ పైకప్పు లేని పారదర్శకమైన పలకలు నిలిపారు. వేసవిలో లోపల సుమారు ఒకటి రెండు డిగ్రీల వేడి పెరుగుతుంది.

అయితే ఒక చిక్కుంది. ఆ పలకలు గాలిని అడ్డుకుంటాయి, మంచును ఆపుతాయి, నేల తడినీ మారుస్తాయి. పువ్వు ముందుగా పూస్తే అది వేడివల్లనా, గాలి తగలకపోవడంవల్లనా? అందుకే లోపలా బయటా, మొక్క ఎత్తున, వేళ్ల లోతున వేడినీ తడినీ కొలవాలి. పరికరానికి నేరుగా ఎండ తగలకూడదు. తగిలితే అది గాలి వేడిని కాక తన వేడినే చెబుతుంది.

ఇది ఎక్కడో దూరాన ఉన్నవారి గొడవ కాదు. టండ్రా అడుగున గడ్డకట్టిన నేలలో వేల ఏళ్లనాటి మొక్కల కర్బనం దాగి ఉంది. అది కరిగితే బొగ్గుపులుసు వాయువు, మీథేన్ పైకి వచ్చి భూమినంతటినీ మరింత వేడెక్కిస్తాయి. అక్కడ కొలత తప్పితే, మన తీరానికి వేసే అంచనా కూడా గాడి తప్పుతుంది.

మీ ఊళ్లో పిల్లల చేత ఒక పని చేయించండి. జ్వరం చూసేది కాక, గాలి వేడి చూసే ఉష్ణమాపకం తీసుకోండి. వేరుశనగ చేలో ఛాతీ ఎత్తున ఒకసారి, ఆకుల మధ్య ఒకసారి, నీడ పట్టి చూడమనండి. పది రోజులు ఒకే వేళకు చూసి, అంకె పక్కన చోటు, ఎత్తు, వేళ రాయమనండి. ఆ మూడూ లేని అంకె, చిరునామా లేని ఉత్తరం వంటిది.