చాటల చుట్టూ సంఘము

(కొంతం చౌకులో జరిగిన ఉగాది సభయందు చేసిన ప్రసంగము)



పంచాంగ శ్రవణము అయినది. పచ్చడి తిన్నాము. ఇక నా ప్రసంగము కూడా భరించవలసియున్నది. నేను పండితుడను కాను. మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తాగా ఉన్నవాడను. నాకు బాగుగా తెలిసిన గ్రంథము లెక్కల పుస్తకము ఒక్కటే. కార్యదర్శిగారు పల్లెలలోని స్త్రీ సంఘములను గురించి మాట్లాడుమన్నారు. పల్లె విడిచి రెండు మూడు తరములైనది, ఇప్పుడు మనకు పల్లెటూరి ఆడవారి సంఘముతో ఏమి పని అని ఎవరైనా అడుగవచ్చును. పని ఉన్నదనియే నా మనవి.

మన షోలాపూరు మీదుగా పోయే పెద్ద రోడ్డు మీకందరకు తెలుసును. రైల్వేవాడు రోడ్డును పొగడరాదు గాని నేడు తప్పదు. ఆ రోడ్డు పూణె వద్ద బయలుదేరి, మన ఊరు చూచి, నల్దుర్గ్, ఉమర్గా, హుమ్నాబాదు, జహీరాబాదు మీదుగా హైదరాబాదు పోవును. అక్కడ కూడా ఆగదు. బెజవాడ దాటి మచిలీపట్నము చేరిన తర్వాత గాని నిలువదు. నేను చెప్పదలచుకొన్న సంగతులలో రెండు ఈ రోడ్డు వెంటనే ఉన్నవి.

మొదటిది ఆ చివరది. 1902లో మచిలీపట్నములో భండారు అచ్చమాంబగారు, ఒరుగంటి సుందరీ రత్నమాంబగారు కలిసి బృందావన స్త్రీ సమాజము స్థాపించినారు. తెలుగునాట స్త్రీలు తమంతట తాము పెట్టుకొన్న మొదటి సంఘముగా దానిని చెప్పుదురు. అచ్చమాంబగారు బడి ముఖము చూచినవారు కారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా ఆయన వద్ద అక్షరములు నేర్చినారు. ఇంకొక మాట. ఆమె కాపురము నాగపురము వైపున. అనగా ఆమె కూడా మనవలెనే తెలుగుదేశము విడిచి బతుకుతెరువు ఉన్నచోటికి పోయిన కుటుంబపు స్త్రీయే. అక్కడి నుండి వచ్చి ఊరూరు తిరిగి సమాజములు పెట్టించినారు. 1905లో, ముప్పది దాటిన కొద్దికాలమునకే పోయినారు. ఇంత తక్కువ కాలములో ఇంత పని ఎట్లు చేసినారో ఆలోచించిన నాకు ఆశ్చర్యమే కలుగుచుండును.

తర్వాత స్వరాజ్యము వచ్చినది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకములు మొదలైనవి. గ్రామసేవికలు వచ్చినారు. ఊరూర మహిళా మండలి అనే బోర్డు లేచినది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా దానికి మొదటి అధ్యక్షురాలు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. ఇంటిపేరు చూచి మన మరాఠీ మిత్రులు తమ ఆడపడుచు అనుకొందురు. కోడలు అని సరిదిద్దవలెను. ఆ మండలులలో కుట్టుపని, పొగరాని పొయ్యి, బాలవాడి, బాలింతలకు సలహాలు, రేడియో, భజన ఇవి ఉండెడివి. మంచి జరుగలేదని అనను. కాని చాలాచోట్ల కుట్టుమిషనే మండలి అనుకొన్నారు. మిషను చెడినది, మండలి మూతపడినది. అది గాక, తీరిక ఉన్న ఇండ్లవారు వచ్చినారు గాని కూలికి పోయే ఆమె రాలేదు. మధ్యాహ్నము మూడు గంటలకు సమావేశము పెట్టిన ఆమె ఎట్లు వచ్చును? ఆ వేళకు ఆమె చేనిలో ఉన్నది.

ఈ చిక్కు విప్పినవారిని చూడవలెనన్న దూరము పోనక్కరలేదు. మనము చెప్పుకొన్న రోడ్డు మీదనే జహీరాబాదు ఉన్నది. దాని పక్కన పస్తాపూరు. అక్కడ 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ మొదలైనది. దాని చుట్టు పల్లెలలో ఆడవారి సంఘములు పుట్టినవి. సభ్యులలో చాలామంది దళిత స్త్రీలు, కూలినాలి చేసుకొనేవారు, అక్షరము రానివారు. వారు కూడుకొనేది పగలు కాదు. పని ముగించుకొని, పొయ్యి ఆర్పి, పిల్లలను పండబెట్టి, రాత్రి కూడుకొందురు. సంఘము ముచ్చట ఆమె వేళకు జరుగును గాని ఆఫీసరుగారి వేళకు కాదు. నాకు ఇదే అన్నిటికంటె ముఖ్యముగా తోచినది.

అక్కడివారు మనవలెనే జొన్నరొట్టె తినేవారు. చౌకదుకాణపు బియ్యము వచ్చిన తర్వాత జొన్న తగ్గినది, చేలు పడావు పడినవి. ఈ స్త్రీలు పడావు భూములను మరల సాగులోనికి తెచ్చినారు. సాగుకు అప్పు ఇచ్చి, ఆ అప్పును జొన్నల రూపములో తిరిగి రాబట్టినారు. ఆ జొన్నలు ఊరిలోనే నిలువ చేసినారు. ఎండకాలము దాటి పని దొరకని నెలలలో పేద ఇండ్లకు చౌకగా ఇచ్చినారు. పేదలు ఎవరని తేల్చుటకు తహసీలుదారును పిలువలేదు. నేల మీద ముగ్గుతో ఊరి పటము గీసి, ఇంటింటికి గురుతు పెట్టి, అందరి ఎదుట తామే నిర్ణయించినారు. అందరి ఎదుట కావున అబద్ధము చెప్పుటకు వీలు తక్కువ. మా ఆఫీసులో ఇటువంటి పద్ధతి ఉన్న ఎన్నో ఫైళ్లు నడవవలసిన పని ఉండదు.

విత్తనముల సంగతి ఇంకను బాగున్నది. కొర్ర, సామ, తైద, కంది, పెసర ఇటువంటి పాత విత్తనములను వేపాకు, బూడిద కలిపి కుండలలో దాచినారు. విత్తనము కావలసిన ఆమె అప్పు తీసికొనును. పంట రాగానే తీసికొన్నదానికంటె ఎక్కువగా తిరిగి కొలుచును. ఏ బ్యాంకు మేనేజరు కూడా లేకుండ నడిచే బ్యాంకు ఇది. సంక్రాంతి మొదలుకొని ఎడ్లబండ్లను అలంకరించి ఆ విత్తనములను ఊరూరు తిప్పి పాత పంటల జాతర చేయుదురు. 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో మొదలైనది. అది నడిపినది కూడా ఆ పల్లె స్త్రీలే. మాట్లాడేది వారి భాషలోనే. రేడియో భాష అని వేరే భాష పెట్టుకొనలేదు. 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమానము ఆ సంస్థకు వచ్చినది.

నెల్లూరు సంగతి ఒక మాటలో చెప్పెదను. అక్షరాస్యతా తరగతులలో సారాయి కష్టములను గురించి చదివిన ఆడవారు 1992లో దూబగుంటలో లేచి నిలబడినారు. ఊరూరు పాకినది. 1993 అక్టోబరు 1న రాష్ట్రములో సారాయి పోయినది. తర్వాత వచ్చిన మద్యనిషేధము నిలువలేదు, అది వేరే కథ. ఆ స్త్రీలు మాత్రము రోజుకొక రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టినారు. నేడు తెలుగునాట ఏ ఊరికి పోయినను కనబడే పొదుపు సంఘములు అటువంటి రూపాయలతో పెరిగినవే.

ఇప్పుడు మన వాడకు వచ్చెదను.

మనవారు నూలు వెంట వచ్చినారు. 1877లో నడక మొదలుపెట్టిన పాత మిల్లు, మనము జూనీ మిల్లు అనేది, నేడు లేదు. చద్దర్లు, తువ్వాళ్లు నేసి ఊరికి పేరు తెచ్చినాము. మగవారు మగ్గము మీద, ఆడవారు చాట ముందు; ఇది మన ఇంటి లెక్క. చాట ముందు పని ఎట్టిదో ఈ సభలోని తల్లులకు నేను చెప్పుట, తాతకు దగ్గులు నేర్పినట్లగును. కాని మగవారి కొరకు చెప్పవలెను. ఆకు నానబెట్టవలెను, ఫర్మా పెట్టి కత్తిరించవలెను, తంబాకు నింపి చుట్టవలెను, దారము కట్టవలెను, మూతి మడవవలెను. ఇరువదియైదు ఒక కట్ట. నలుబది కట్టలైన వేయి. పూట వంట, పిల్లలు, నీళ్లు ఇవి దీనికి అదనము. ఆమె గంటసేపు సభకు వచ్చినచో సుమారు నూరు బీడీలు తగ్గినట్లు లెక్క. "మా ఆడవారికి సంఘములంటే శ్రద్ధ లేదు" అనే పెద్దలు ఆ నూరు బీడీల కూలి ఎవరు ఇచ్చెదరో కూడా చెప్పవలెను.

యూనియను ఉన్నది కదా అని మరికొందరు అందురు. ఉన్నది, గొప్పగానే ఉన్నది. మన నర్సయ్య ఆడం మాస్టరుగారి నాయకత్వమున బీడీ స్త్రీలు ఎండలో నిలిచి పోరాడినందుననే కుంభారి వద్ద గోదూతాయి పరులేకర్ పేరిట పది వేల ఇండ్లు లేచినవి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగుగారు వచ్చి వాటిని అప్పగించినారు. 2024 జనవరి 19న రాయనగరులో మరి 15,000 ఇండ్లు ప్రధాని మోదీగారి చేతుల మీదుగా ఇచ్చినారు. వేరువేరు పార్టీల ప్రధానులు, ఒక్కటే మన ఆడవారి పట్టుదల. కాని యూనియను కూలి అడుగును, ఇల్లు అడుగును. ఇంటిలో కాగితము చదివి పెట్టుట యూనియను పని కాదు.

కాగితముల మాట వచ్చినది గనుక నేను చూచినది చెప్పెదను. సెలవు దినమున మా ఇంటి అరుగు మీదికి నలుగురైదుగురు తల్లులు కాగితములు పట్టుకొని వత్తురు. "నాయనా, జర చదివి చెప్పు" అందురు. ఒక ఆమె పుట్టింట లక్ష్మి. బీడీ కార్డు మీద లక్ష్మీబాయి. ఆధారు కార్డులో మరొక తీరున వ్రాసినారు. మనిషి ఒక్కతే, కాగితము మీద ముగ్గురు. భవిష్యనిధి డబ్బు కొరకు ఆమె ఒక ఆఫీసు చుట్టు ఏడాదిపైగా తిరిగినది. ఆమె పడిన కష్టమునకు మూలము ఒక్క "బాయి". ఆ కార్డు ఇచ్చిన నాడే ఎవరైన చదివి చెప్పియుండిన అయిదు నిమిషముల పని. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టము వచ్చినది. పిల్లల చదువుకు వేతనము, వైద్యము దాని కింద ఏర్పడినవి. దానికి ఆధారమైన పన్ను 2017లో పోయినది. ఇటువంటి మార్పు వచ్చినప్పుడు మన వాడలో ఎంతమందికి తెలియును? సమాచారము మరాఠీలో వచ్చును; తల్లి మాట్లాడేది తెలుగు; పిల్లకు మరాఠీ చదువ వచ్చును గాని తల్లికి చెప్పుటకు తీరిక లేదు, సెల్‌ఫోను ఉన్నది.

కావున మండలి కావలెనన్న ఆమెను చాట వద్ద నుండి లేపకూడదు. మండలియే చాట వద్దకు పోవలెను. ఇది నా కల్పన కాదు. కూబా దేశమున హవానా నగరములో చుట్టలు చుట్టే కార్ఖానాలు ఉన్నవి. అక్కడి కార్మికులు 1865లో ఒక ఏర్పాటు చేసికొన్నారు. చేతులు చుట్ట చుట్టుచుండగా ఒకడు ఎత్తయిన పీట మీద కూర్చుండి పత్రిక, నవల గట్టిగా చదువును. అతని జీతము యజమాని ఇవ్వడు, కార్మికులే చందా వేసికొని ఇత్తురు. మరుసటి సంవత్సరమే దొరతనమువారు భయపడి దానిని నిషేధించినారు. చదువు వినిన కూలివాడు ప్రశ్నలు అడుగునని వారికి తెలుసును. తర్వాత మరల సాగినది. మాంటెక్రిస్టో అనే ప్రసిద్ధమైన చుట్టకు ఆ పేరు అట్లు వినిన నవల వలన వచ్చినదే.

అక్కడ తంబాకు, ఇక్కడ తంబాకు. అక్కడ చేయి ఖాళీ లేదు, చెవి ఖాళీ ఉన్నది, ఇక్కడనూ అంతే. మన గల్లీలలో నలుగురైదుగురు ఒక అరుగు మీద చాటలు పెట్టుకొని కూర్చుండుట ఎట్లును ఉన్నది. బతుకమ్మకు గుమిగూడేది వారే, పెండ్లికి పసుపు దంచేది వారే, చావుకు ముందుగా పోయేది వారే. సంఘము పుట్టియే ఉన్నది, మనము పేరు పెట్టలేదు. పదవ తరగతి చదివే ఒక పిల్లను కూర్చుండబెట్టి రోజు అరగంట చదివింపవలెను. ముందు ఎవరి కార్డు వారికి, తర్వాత మరాఠీ పత్రికలోని వార్త తెలుగులో, ఆపైన ఒక కథ. ఆ పిల్లకు తెలుగు అక్షరము కూడా పట్టుబడును. మన పిల్లలకు అది జారిపోవుచున్నదని ప్రతి ఉగాదికి ఇదే వేదిక మీద విచారించుచున్నాము. ఆమెకు చిన్న వేతనము ఇవ్వవలెను. ధర్మపని అన్నచో నెలలో మానివేయును.

పొదుపు పుస్తకము ఆడవారి వద్దనే ఉండవలెను. లెక్క వ్రాయుట నేను నేర్పెదను, వ్రాసి పెట్టను. ఈ రెంటికి తేడా ఉన్నది. మన సంఘములో ఇంతవరకు మహిళా విభాగమునకు అప్పగించినది పసుపు కుంకుమ, ముగ్గుల పోటీ. వాటిని వద్దనను, మా ఇంటివారికే బహుమతి వచ్చినది. కాని ముగ్గు వేసే చేయి పస్తాపూరులో ఊరి పటము గీసినది.

చివరగా ఒక చిన్న కోరిక. ఈ హాలు వారమునకు ఆరు సాయంత్రములు తాళము వేసియే ఉండును. అందులో ఒక్క సాయంత్రము, బీడీలు అప్పగించి వచ్చిన తర్వాత వేళకు, ఆడవారికి ఇవ్వవలెను. చాటలతోనే రానిండు, తంబాకు దుమ్ము పడునని అనవద్దు, మరునాడు ఊడ్చుటకు నేను వత్తును. తాళపుచెవి కార్యదర్శిగారి ఇంట ఉండినచో ప్రతిసారి అడుగవలసివచ్చును, అడుగలేక మానివేయుదురు. కావున రెండవ తాళపుచెవి చేయించి, అది ఏ తల్లి వద్ద ఉండవలెనో ఈ సభలోనే, భోజనములకు లేవకముందే, వారినే నిర్ణయింపుమని అధ్యక్షులవారిని కోరుచున్నాను.