అండమాన్ నీళ్ళలోకి: మన బ్యాచ్ ప్రయాణం గురించి కొన్ని మాటలు

(పూర్వ విద్యార్థుల సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మా బ్యాచ్ వాళ్ళం వచ్చే జనవరిలో స్కూబా డైవింగ్‌కు అండమాన్ పోతున్నామని తెలిసి, దాని గురించి చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. మట్టెవాడ వాళ్ళకు సముద్రంతో ఏం పని అని మీలో కొందరు నవ్వుకుంటున్నారు, కనిపిస్తూనే ఉంది. మన గణపతిదేవుడు ఓరుగల్లులో కూర్చునే మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయ శాసనం వేయించాడు. కాబట్టి పని ఉంది. పైగా నడుముకు మునగబెండ్లు కట్టుకొని బావుల్లో ఈత నేర్చిన తరం మాది. నీళ్ళ భయం లేదు. అయితే నాకు దిగులు కలిగించింది కూడా ఆ భయం లేకపోవడమే. బావిలో ఊపిరి బిగబట్టి మునగడం మనకు అలవాటు. స్కూబాలో ఊపిరి బిగబట్టడమే అన్నిటికన్నా ప్రమాదం.

ఎందుకో చెప్తాను. మన సైన్సు సారు బోర్డు మీద రాసిన బాయిల్ నియమం గుర్తుందా? సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 10 మీటర్ల కింద పీడనం రెండింతలు. అక్కడ సిలిండర్ గాలి నిండుగా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తుల్లో అంత జాగా ఎక్కడిది? అందుకే మొదటి పాఠం: ఊపిరి ఆపొద్దు, నిదానంగా పైకి రా.

పీడనానికి తగ్గట్టు గాలి అందించే రెగ్యులేటర్‌ను 1943లో కూస్తో, గన్యాన్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు తయారుచేశారు. గన్యాన్ మనలాంటి ఇంజినీరే. యుద్ధకాలంలో పెట్రోలు దొరకక గ్యాసుతో కార్లు నడిపేందుకు చేసిన వాల్వును ఆయన ఇందుకు మలిచాడు. మన వంటగ్యాసు రెగ్యులేటర్‌కు దూరపు చుట్టమన్నమాట.

ఇక లెక్క చూడండి. సిలిండర్ 11 లీటర్లు, నింపేది 200 బార్. 50 బార్ ఎప్పుడూ మిగిల్చి పైకి రావాలి. వాడుకునేది 1,650 లీటర్లు. కొత్తవాడు ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీలిస్తే, 12 మీటర్ల కింద 44 లీటర్లు పీలుస్తాడు. అంటే 37 నిమిషాలు. కంగారుపడితే అందులో సగమే. సర్టిఫికెట్ లేనివాళ్ళను శిక్షకుడు పక్కన ఉండి తీసుకుపోయేది కూడా 12 మీటర్ల దాకానే. మూడు నాలుగు రోజుల కోర్సు చేస్తే 18 మీటర్ల దాకా పోవచ్చు. మాలో నలుగురం కోర్సు, మిగతావాళ్ళు ఒక్కసారి దిగి చూడటం.

దగ్గర్లో విశాఖ రుషికొండ ఉంది కదా అని ఒకరు అడిగారు. ఉంది. కానీ పగడపు దిబ్బలు చూడాలంటే అండమానే. హైదరాబాద్ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు విమానం, 2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం. అక్కడి నుంచి హేవలాక్‌కు, అంటే స్వరాజ్ ద్వీప్‌కు, ఓడలో రెండు గంటల పైచిలుకు. గాలివాన వస్తే ఓడలు ఆపేస్తారు, అందుకని ఒక రోజు ఖాళీ పెట్టుకున్నాం. లక్షద్వీప్‌కు ముందే అనుమతి పత్రం కావాలి, ఇక్కడికి మనకు ఆ తిప్పలు లేవు. భాషకూ ఇబ్బంది లేదు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డ మత్స్యకారులు జంగ్లీఘాట్‌లో ఎంతోమంది. అన్నం, చేపల పులుసు దొరుకుతాయి.

టికెట్ల విషయంలో పెద్ద వాదన నడిచింది. చివరి డైవ్ అయిన మర్నాడు పొద్దున్నే విమానం ఎక్కుదామని కొందరు. కుదరదన్నాను. నీటి అడుగున పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో కరుగుతుంది. పైకి వచ్చాక మెల్లగా పోవాలి. విమానంలో పీడనం తక్కువ. అప్పుడు ఒంట్లో జరిగేది గోలీసోడా కొట్టినప్పుడు జరిగేదే. వరుసగా డైవ్‌లు చేసినవాళ్ళు కనీసం 18 గంటలు ఆగాలి. ఆ రోజు సెల్యులార్ జైలు చూద్దాం, ఎట్లాగూ చూడాల్సిందే.

అసలు చిక్కు ఆరోగ్య పత్రం దగ్గర వచ్చింది. అందులో 45 దాటినవాళ్ళకు ప్రత్యేకంగా ప్రశ్నలుంటాయి: బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగడం, గుండె. ఒక్కదానికి 'ఉంది' అని రాసినా డాక్టరు సంతకం కావాలి. మా వాడొకడికి మూడేళ్ళ కింద స్టెంట్ వేశారు. ఈ ప్రయాణం ఆలోచనే వాడిది. ఫారం తీసుకొని అన్నిటికీ 'లేదు' అని రాయబోయాడు.

"ఏమైతదిరా, రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తున్న," అన్నాడు.

"నీకు కింద ఏమన్నా అయితే నిన్ను పైకి తేవాల్సింది నీ పక్కనున్న పిల్లగాడురా. వాడికి పాతికేండ్లు. వాడికి తెల్వాలె గదా," అన్నాను.

రెండు వారాలు నాతో మాట్లాడలేదు. నలభై ఏళ్ళ స్నేహంలో అంత మౌనం ఎప్పుడూ లేదు. నేనూ ఫోన్ చేయలేదు, నా మాట వెనక్కి తీసుకోవాల్సి వస్తుందేమోనని. చివరికి వదినె ఫోన్ చేసింది. "అన్నా, డాక్టరు దగ్గరికి పోయొచ్చినం. ట్రెడ్‌మిల్ పరీక్ష చేసిన్రు. దిగొద్దన్నడు. నేను దిగొచ్చా?" అని అడిగింది. ఆమెకు 51 ఏళ్ళు. ఏ జబ్బూ లేదు, ఈతా రాదు. ఇప్పుడు వారానికి మూడు రోజులు హనుమకొండలో ఈత కొలనుకు పోతోంది, మావాడే స్కూటీ మీద దింపి, గట్టు మీద కూర్చొని తప్పులు పడుతున్నాడు. అక్కడ వాడు అద్దాల అడుగు పడవలో పగడాలు చూస్తాడు. కోపం ఇంకా పూర్తిగా పోలేదు. ఇప్పుడు కూడా మూడో వరుసలో కూర్చొని నన్నే చూస్తున్నాడు.

ఇంకా నాలుగు జాగాలున్నాయి. వచ్చేవాళ్ళు డాక్టరు సంతకంతో ఫారం ఈ నెలాఖరులోపు ఇవ్వండి. జలుబు, సైనస్ ఉన్నవాళ్ళు ముందే చెప్పండి, చెవుల్లో పీడనం సర్దుకోకపోతే దిగనివ్వరు. పగడపు ముక్కలు జ్ఞాపకంగా తేవాలనుకునేవాళ్ళు ఆ ఆలోచన మానుకోండి, వన్యప్రాణి చట్టం కింద అది నేరం. ఖర్చుల లెక్క వెనక బల్ల మీద పెట్టాను, టీ తాగుతూ చూడండి.