యూదుల మతము, గ్రంథములు



పుస్తకము చూడక, స్వరము తప్పక వేదమును వల్లించు పండితులను మన కోనసీమ యెరుగును. విద్యను నోట నిలుపుకొని రక్షించుకొనుట మనకు క్రొత్త గాదు. నేడు నేను యూదులను గూర్చి మనవి చేయదలచినదియు నిట్టి సంగతియే. రాజ్యము పోయి, ఆలయము కూలి, పరదేశముల పాలైన యొక జనము దాదాపు రెండువేల యేండ్లు దేని నాశ్రయించి నిలిచినది?

మొదట వారి విశ్వాసము. దేవుడొక్కడే, ఆయనకు రూపము లేదు, విగ్రహము కూడదు. ఆ దేవుడు తమ మూలపురుషుడైన అబ్రాహాముతో నిబంధన చేసెననియు, మోషే ద్వారా ధర్మశాస్త్రము ననుగ్రహించెననియు వారు నమ్ముదురు. అందు 613 విధినిషేధములున్నవని వారి పెద్దల లెక్క. వానిలో ముఖ్యమైనది విశ్రాంతి దినము. శుక్రవారము ప్రొద్దు క్రుంకినది మొదలు శనివారము రాత్రి చుక్కలు పొడుచువరకు పని ముట్టరాదు. యజమానికే గాదు, పనివానికిని, ఎద్దునకును ఆనాడు విశ్రాంతియే.

మోషే పేర నున్న అయిదు గ్రంథములను తోరా యందురు. ప్రవక్తల గ్రంథములును, ఇతర రచనలును చేర్చగా వారి లెక్కకు మొత్తము 24. క్రైస్తవులు పాత నిబంధన యనునది ముఖ్యముగా నిదియే. సమాజమందిరమున చదువు తోరాను నేటికిని తోలుచుట్టపై చేతితోనే వ్రాయుదురు. అందొక యక్షరము లోపించినను, దిద్దువరకు ఆ ప్రతి పఠనమునకు పనికిరాదు. వారమున కొక భాగము చొప్పున నేడాదికి ముగించి, ముగిసిన నాడే మరల మొదలిడుదురు.

ఈ శాస్త్రమునకు వివరణము గురుశిష్య పరంపరగా నోటనే నడచెను. క్రీ.శ. 200 ప్రాంతమున యెహూదా అను రబ్బీ దానిని మిష్నా యను పేర కూర్చెను. దానిపై బాబిలోను విద్వాంసులు తరతరములు చేసిన చర్చల సంగ్రహమే ప్రసిద్ధమైన తల్మూదు. అందు నిలిచిన వాదమునే గాక, వీగిన వాదమును గూడ, తరచు చెప్పినవాని పేరుతో సహా భద్రపరచిరి. పూర్వపక్ష సిద్ధాంతముల నెరిగిన మీకు దీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

క్రీ.శ. 70లో రోమనులు యెరూషలేము ఆలయమును కాల్చిరి. అప్పటికి వారిలో పలు శాఖలుండెను. సద్దూకయ్యులకు ఆలయమే యాధారము. అది పోగా వారును మరుగైరి. పరిసయ్యులు చదువును నమ్ముకొనిరి. రబ్బీల సంప్రదాయము వారినుండియే పెరిగెను. బలికి బదులు ప్రార్థన వచ్చెను. 8వ శతాబ్దమున తలయెత్తిన కరాయీలు వ్రాతలోని శాస్త్రమే చాలును, నోటి శాస్త్ర మక్కరలేదనిరి. 18వ శతాబ్దమున తూర్పు ఐరోపాలో హసీదులు భక్తికిని, ఆనందమునకును పెద్దపీట వేసిరి.

మన దేశమున కొచ్చిలో 1568లో కట్టిన సమాజమందిరము నేటికిని గలదు. కొంకణ గ్రామములలో గానుగ లాడించి జీవించిన యూదులు శనివారము గానుగ కట్టనందున, ఇరుగుపొరుగువారు వారిని ‘శనివారపు తెలికలు’ అని పిలిచిరి. హీబ్రూ భాష మరచినను వారు శనివారమును మరువలేదు.

తెలుగునేలకును ఈ కథలో చోటున్నది. 1647 ప్రాంతమున హైదరాబాదులో యూదుడుగా జన్మించిన సర్మదు అను ఫకీరుండెను. ఆయన శిష్యుడైన అభయచందు అను హిందువు తోరా ప్రారంభ భాగమును పారసీకములోనికి తెచ్చెను. అది ‘దబిస్తాన్’ అను గ్రంథమున చేరినది.

గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున, మాదిగ కులమున పుట్టి క్రైస్తవులుగా పెరిగిన కొన్ని కుటుంబములు 1980 తరువాత యూద మతము నవలంబించి, సమాజమందిరము కట్టుకొన్నవి. క్రీ.పూ. 722లో అస్సూరు రాజ్యము చెరగొనిపోయిన గోత్రములలో ఎఫ్రాయిము గోత్రము తమదని వారి మాట. దీనికి చరిత్రకారులు కోరు సాక్ష్యము లభింపలేదు. యూదశాస్త్రము ప్రకారము యూదురాలికి పుట్టినవాడైన యూదుడు కావలెను, లేదా విధిపూర్వకముగ చేరినవాడైన కావలెను. వీరిని గూర్చి 2013లో వెలువడిన పరిశోధన గ్రంథము నాటికి ఇశ్రాయేలు దేశము వీరి నంగీకరింపలేదు.

వంశ మేదైనను, ఊరి చివర నిలుపబడినవారు తమకొక పురాతన గౌరవమును గ్రంథమున వెదకుకొనుట తేలికగ త్రోసివేయదగినది కాదని నా మనవి. వారు హీబ్రూ అక్షరములు నేర్చి, శనివారము పాటించుచు నిలిచిరి. మొదట నడిగిన ప్రశ్నకు నాకు తోచిన సమాధానము నిదియే: రాతి గోడ కూలిన తరువాత ఆ జాతిని నిలిపినది, బిడ్డలకు తప్పక చెప్పిన పాఠము.