ఆడబిడ్డ పేరు: తొలి ఆశీర్వచనం



నామకరణ ముహూర్తం కోసం వచ్చే దంపతులు ఈ మధ్య తరచుగా ఒక మాట అడుగుతున్నారు. "శాస్త్రిగారూ! అమ్మాయికి రెండక్షరాల పేరు చెప్పండి. పిలవడానికి చిన్నదిగా ఉండాలి, అర్థం బాగుండాలి" అని. ఈ కోరికలో దోషమేమీ లేదు. అయితే పేరు చిన్నదైనంత మాత్రాన దానిని ఎన్నుకొనే పని చిన్నది కాదు. ఈనాడు ఆ విషయమే మీకు మనవి చేయదలచాను.

స్త్రీల పేరు ఎట్లుండవలెనో మనుస్మృతి ద్వితీయాధ్యాయం చెప్పింది. సుఖంగా పలుకదగినదై, క్రూరమైన అర్థం లేనిదై, భావం స్పష్టమై, మనస్సును హరించేదై, మంగళకరమై, చివర దీర్ఘం కలిగి, ఆశీర్వాదాన్ని తెలిపే పదంతో ఉండవలెనన్నది. ఈ లక్షణాలన్నిటిలో తుది మాట ఆశీర్వాదమే. బిడ్డకు మనమిచ్చే తొలి ఆశీర్వచనం ఆమె పేరు. తక్కిన దీవెనలు శుభకార్యాలలో వినిపిస్తాయి. ఈ దీవెన దినదినమూ, పిలిచినప్పుడెల్లా వినిపిస్తుంది.

చివర దీర్ఘమెక్కడున్నదని మీరు అడగవచ్చు. సంస్కృతంలోని సీతా, ఉమా, రమా అనే శబ్దాలు తెలుగులో సీత, ఉమ, రమ అయినాయి. కాని వీధి వాకిట నిలిచి తల్లి "ఉమా!" అని కేకవేసినప్పుడు గమనించండి. పోయిన దీర్ఘం ఆ పిలుపులో తిరిగి వస్తుంది.

ఇక అక్షరసంఖ్య. ఆపస్తంబ, ఆశ్వలాయన, పారస్కర గృహ్యసూత్రాలు మగబిడ్డకు సరిసంఖ్యను, ఆడబిడ్డకు బేసిసంఖ్యను చెప్పాయి. అట్లయితే రెండక్షరాల పేరు పనికిరాదా? మిథిలలో పెండ్లిపీటలపై కూర్చున్న నలుగురు కన్యలను స్మరించండి. ఊర్మిళ, మాండవి మూడేసి అక్షరాల పేర్లు. శ్రుతకీర్తి నాలుగు. సీత రెండే. జగన్మాత పేరే రెండక్షరాలైనప్పుడు సంఖ్యను చూచి భయపడనక్కరలేదు. పైగా మన తెలుగు ఇండ్లలో పేరుకు 'అమ్మ' చేర్చి సీతమ్మ, గౌరమ్మ, లక్ష్మమ్మ అని పిలవడం వాడుక. లెక్కించి చూడండి, మూడక్షరాలు! సూత్రం కోసమే అట్లు చేశారని నేననను. ప్రేమతో చేర్చిన అమ్మ పదం సూత్రాన్ని కూడా నిలబెట్టిందని మాత్రం అంటాను.

సీత అనగా నాగటిచాలు. ఋగ్వేదం నాలుగవ మండలం 57వ సూక్తంలో సస్యసమృద్ధి కోసం సీతాదేవిని ప్రార్థించడం కలదు. భూమిని దున్నుతుండగా లభించిన శిశువుకు జనకమహారాజు ఆ చాలు పేరే పెట్టాడు. ఆమె దొరికిన బిడ్డ. ఆ సంగతిని ఆయన దాచలేదు. దొరికిన చోటునే ఆమెకు గౌరవనామం చేశాడు.

ఉమ పేరుకు కాళిదాసు కుమారసంభవంలో ఒక నిర్వచనం చెప్పాడు. 'ఉ' అనగా ఓ బిడ్డా, 'మా' అనగా వద్దు. తపస్సుకు పోబోయిన కూతురిని తల్లి మేనాదేవి వారించిన మాటే పేరైనది. కేనోపనిషత్తులో ఆ హైమవతియే దేవేంద్రునికి యక్షరూపంలో వచ్చినది పరబ్రహ్మమని బోధించింది. తల్లి బెంగతో పలికిన రెండక్షరాలు, ఇంద్రునికి గురువైన దేవి పేరు!

భగవద్గీత విభూతియోగంలో 34వ శ్లోకాన్ని చూడండి. స్త్రీలలో తన విభూతులని భగవానుడు ఏడింటిని పేర్కొన్నాడు: కీర్తి, శ్రీ, వాక్కు, స్మృతి, మేధ, ధృతి, క్షమ. మూలంలో వీటిలో ఏదీ రెండక్షరాలు దాటదు. శ్రీ అనగా ఆశ్రయింపదగినది. విన్నదానిని నిలుపుకొనే బుద్ధి మేధ. కష్టంలో చెదరక నిలిపేది ధృతి. క్షమ అంటే ఓర్పు, భూమి కూడా. ఇక వాక్కు ఋషిక పేరు కూడా. ఋగ్వేదం పదవ మండలం 125వ సూక్తానికి ద్రష్ట అంభృణ మహర్షి కుమార్తె వాక్కు. చిన్న పేరు కావలెనని అడిగేవారికి ఇంతకు మించిన పట్టిక నేనేమి ఇవ్వగలను?

అయితే పేరుకు ప్రాణం నిఘంటువు ఒక్కటే కాదు, పెట్టేవారి మనస్సు కూడా. పుట్టిన బిడ్డలు దక్కని ఇండ్లలో వెనుకటివారు శిశువును పెంటపై పొర్లించి పెంటమ్మ అనీ, ఎంగిలి విస్తరిపై ఉంచి పుల్లమ్మ అనీ పిలిచేవారు. మాట మోటైనా అందులో ఉన్నది "ఈ బిడ్డ బ్రతకాలి" అన్న తపన. దీనికి విరుద్ధమైనది మహారాష్ట్రలో వినవచ్చింది. కొడుకు కోసం ఎదురుచూచి, పుట్టిన ఆడపిల్లకు 'నకుసా', అనగా అక్కరలేనిది, అని పేరు పెట్టారు. 2011లో సతారా జిల్లాలో అట్టి పేరు గల బాలికలు 200 మందికి పైగా బయటపడగా, అధికారులు సభచేసి వారికి కొత్త పేర్లు పెట్టించారు. పెంటమ్మలో ప్రేమ ఉన్నది, నకుసాలో లేదు. పలకడానికి రెండూ చిన్న పేర్లే.

పరులను అనడం సులభం. నా తప్పు కూడా చెప్పుకుంటాను. సుమారు 40 ఏళ్ల క్రిందట ఒక పల్లెలో మూడవ ఆడబిడ్డకు బారసాల. పళ్లెంలో బియ్యం పరచి ఉన్నవి. బంగారు ఉంగరం చేతబట్టిన తండ్రి ఏ పేరు వ్రాయాలో తోచక తాతగారి వైపు చూచాడు. ఆయన ముఖం త్రిప్పుకొని "ఏదో ఒకటి కానీయండి" అన్నారు. నాకు మరొక ఇంట కార్యం ఉన్నది. నోటికి వచ్చినది 'రమ' అన్నాను. ఒడిలో బిడ్డనుంచుకొన్న తల్లి మెల్లగా అడిగింది, "దానికి అర్థమేమిటండీ?" అని. తరువాత చెబుతానమ్మా అని లేచి వచ్చాను. చెప్పలేదు. రమ అంటే ఆనందింపజేసేది, సాక్షాత్తు లక్ష్మి. ఆనాడు ఆ ఇంట అందరి ఎదుట బిగ్గరగా చెప్పవలసిన మాట అదొక్కటే. ఆ మాట నేను మింగివేశాను.

నాటి నుండి నేటి వరకు, పేరుకు అర్థం తెలుగులో చెప్పి, ఇంటి పెద్దల చేత ఒకసారి పలికించిన పిమ్మటనే అక్షతలు వేస్తున్నాను.

కనుక మీకు నా విన్నపం ఇది. పొట్టి పేరే పెట్టుకోండి. సెల్‌ఫోనులో కనిపించిన అర్థాన్ని వెంటనే నమ్మక, అమరకోశమో శబ్దరత్నాకరమో తెలిసినవారిని అడగండి. ఆ అర్థాన్ని బారసాల నాడే అందరూ వినేటట్లు చెప్పండి. బిడ్డకు ఊహ తెలిసినాక ఆమెకూ చెప్పండి. తన పేరు ఒక దీవెన అని తెలిసిన పిల్ల తల ఎత్తుకొని నడుస్తుంది.

మీ ఇండ్ల ఉయ్యాలలలో శ్రీ, మేధ, ధృతి, క్షమ కలకాలం ఊగుచుండుగాక!

స్వస్తి.