ఒడ్డుకు తెచ్చే ఇంజను

(సిబ్బంది కుటుంబాల ఆదివారం సమావేశంలో, పదవీ విరమణ చేసిన ఒక క్షేత్రాధికారి చేసిన ప్రసంగ పాఠం)



రిటైరైనవాణ్ని మైకు ముందు నిలబెడితే పెన్షను గురించో, షుగరు గురించో మాట్లాడతాడని మీరు అనుకుని ఉంటారు. ముందు వరసలో కూర్చున్న ఈ పిల్లల్ని చూశాక ఆ రెండూ వద్దనిపించింది. ఈ రోజు ఒక పాత పడవ ఇంజను గురించి చెబుతాను. నా సర్వీసులో పెద్ద పెద్ద అప్పులే చూశాను. కానీ రాత్రి మెలకువ వస్తే గుర్తొచ్చేది మాత్రం ఆ చిన్న అప్పే.

అప్పుడు నేను కాకినాడకు ఎగువన, సముద్రం ఒడ్డున ఉన్న ఒక శాఖలో క్షేత్రాధికారిని. ఒక మత్స్యకారుడు సెకండ్ హ్యాండ్ ఔట్‌బోర్డ్ ఇంజను కొనడానికి అప్పు అడిగాడు. ఔట్‌బోర్డ్ అంటే పడవ లోపల ఉండదు. వెనక పలకకు బిగిస్తారు. పైన టోపీలాంటి మూత, దాని కింద ఇంజను, అక్కడి నుంచి నీళ్లలోకి దిగే పొడవాటి కాలు, కాలి చివర గేర్లు, పంకా. తాడు లాగితే స్టార్టవుతుంది. ఆయన తెస్తానన్నది రెండు సిలిండర్ల, 9.9 హార్స్ పవర్ ఇంజను.

కాగితాలన్నీ నేను జాగ్రత్తగానే చూశాను. ఆధారాలు, హామీదార్లు, అమ్మేవాడి రసీదు, ఫొటో, అన్నీ ఉన్నాయి. ఫొటోలో ఇంజను కొత్త నీలం రంగుతో మెరిసిపోతోంది. సంతకం పెట్టేశాను.

ఆరో రోజున ఆ ఇంజను సముద్రం మీద వేడెక్కి బిగుసుకుపోయింది. పడవలో ముగ్గురు మనుషులు. గాలి దక్షిణం నుంచి. రాత్రంతా కొట్టుకుపోయారు. తెల్లవారాక ఇంకో పడవవాళ్లు చూసి, తాడు కట్టి లాక్కొచ్చారు. ముగ్గురూ ప్రాణాలతో వచ్చారు. అదృష్టం.

మర్నాడు ఆయన భార్య బ్యాంకుకు వచ్చింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. నా బల్ల ముందు నిలబడి ఒకే మాట అడిగింది. "ఆఫీసరు బాబూ, మా కాయితాలన్నీ చూశారు గదా. ఇంజను చూశారా?"

చూడలేదు. నీళ్లలో ఉన్న గేదెకు ఒడ్డున బేరమాడినట్టు, ఫొటో చూసి అప్పిచ్చాను.

ఆ సాయంత్రం మేస్త్రి ఇంజను విప్పుతుంటే నేనూ పక్కన కూర్చున్నాను. ఔట్‌బోర్డ్ ఇంజనుకు కారులో లాగా రేడియేటర్ ఉండదు. సముద్రపు నీటినే పైకి తోడుకుని చల్లబడుతుంది. తోడేది కాలి లోపల ఉండే చిన్న పంపు. ఆ పంపులో ఒక రబ్బరు చక్రం, దాని పేరు ఇంపెల్లర్. అరచేతిలో ఇమిడిపోతుంది. ఈ ఇంజనులో దాని రెక్కలు సగం విరిగిపోయి ఉన్నాయి. నీరు పోవాల్సిన దారుల్లో ఉప్పు గట్టిపడి ఉంది. ఇంజను ధర ముందు ఆ రబ్బరు ముక్క ధర చిల్లర డబ్బు. ఆ చిల్లర ఎవరూ ఖర్చు పెట్టలేదు గనక ముగ్గురు మనుషులు ఒక రాత్రంతా సముద్రం మీద ఉన్నారు.

తర్వాత వాళ్లు ఇంకో ఇంజను చూసుకున్నారు. ఈసారి నేను, మేస్త్రి, ఆ దంపతులు నలుగురం వెళ్లాం. ఆ రోజు మేస్త్రి చూసిన వరస నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

వెళ్లగానే ఆయన ధర అడగలేదు. మూత తీసి ఇంజను మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంటే అమ్మేవాడు మనకోసం ముందే నడిపి పెట్టాడన్నమాట. వేడి మీద ఏ ఇంజనైనా స్టార్టవుతుంది. చల్లారిన ఇంజను రెండు మూడు లాగులకు అందుకోవాలి. గేదెను కొనేటప్పుడు అమ్మేవాడు పితికి చూపిస్తే సరిపోతుందా? మన చేత్తో మనం పితుక్కోవాలి.

తర్వాత రంగు చూశాడు. పాత ఇంజనుకు పాత రంగు ఉండటం మంచి లక్షణం. కొత్త రంగు కింద ఉప్పు తిన్న అల్యూమినియం దాగి ఉండవచ్చు. బోల్టుల తలలు అరిగిపోయి ఉంటే ఎవరో చాలాసార్లు విప్పారని లెక్క. పలకకు బిగించే బ్రాకెట్ మీద నంబరు పలక ఉందా, దాన్ని గీకేశారా అన్నది కూడా చూశాడు. నంబరు లేని ఇంజను ఎంత చవకైనా వద్దన్నాడు. అది దొంగ సొత్తు కావచ్చు.

మూడోది కంప్రెషన్. స్పార్క్ ప్లగ్గులు రెండూ తీసి, ఆ రంధ్రంలో గేజి బిగించి, తాడు గట్టిగా నాలుగైదుసార్లు లాగాలి. రెండు సిలిండర్లూ దాదాపు ఒకే అంకె చూపించాలి. పది శాతానికి మించి తేడా ఉంటే లోపల రింగులో, సిలిండరో అరిగిపోయిందని అర్థం. ఒకటి 110 చూపి రెండోది 80 చూపితే, బేరం అక్కడితో ఆపెయ్యాలి.

నాలుగోది గేరు ఆయిల్. కాలి అడుగున ఉన్న మర కొంచెం వదులు చేసి నాలుగు చుక్కలు వేలి మీద పట్టాడు. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే లోపలికి నీళ్లు పోతున్నాయి, సీలు పోయింది. ఇనుప రజను మెరుస్తుంటే గేర్ల పళ్లు అరుగుతున్నాయి. మన తీరంలో సీలు పోవడానికి పెద్ద కారణం వలదారమే. తెగిన నైలాన్ దారం పంకా వెనక షాఫ్టుకు చుట్టుకుని, తిరిగి తిరిగి సీలును కోసేస్తుంది. అందుకే మేస్త్రి పంకా ఊడదీసి మరీ చూశాడు. గేరు న్యూట్రల్‌లో పెట్టి షాఫ్టును చేత్తో తిప్పి, వంకర ఉందేమో కూడా గమనించాడు.

ఐదోది చిన్న జింకు ముక్క. ఉప్పునీరు ఇంజను లోహాన్ని తినకుండా, తన్ను తినమని ముందు నిలబడేది అదే. అది కొంత అరిగి ఉంటే పని చేస్తున్నట్టు. దాని మీద రంగు పూసేస్తే ఇక పని చేయదు. సగం అరిగాక మార్చుకోవాలి.

అన్నీ అయ్యాక నీళ్లలో దింపి నడిపించాడు. ఔట్‌బోర్డ్‌ను నీళ్లు లేకుండా ఒక్క నిమిషం కూడా నడపకూడదు, ఇంపెల్లర్ కాలిపోతుంది. ఇంజను వెనక నుంచి సన్నటి నీటి ధార రావాలి. పంపు పని చేస్తోందనడానికి అదే గుర్తు. మేస్త్రి ఆ ధారలో వేలు పెట్టి, "గోరువెచ్చగా ఉండాల, చురుక్కుమనకూడదు" అన్నాడు. ఆ ఇంటావిడ కూడా వేలు పెట్టి చూసింది. నేనూ పెట్టాను. తర్వాత పడవ కట్టి, ఇరవై నిమిషాలు సముద్రంలో బరువు మీద తిప్పి, ముందుకు, వెనక్కి గేర్లు మార్చి చూసి, అప్పుడు ధర అడిగాడు.

మొదటి పాఠం నుంచి ఆమె ఇంకోటి కూడా నేర్చుకుంది. చేతిలో ఉన్న డబ్బంతా ఇంజనుకే పెట్టలేదు. కొంత పక్కన పెట్టి ఇంపెల్లర్, ప్లగ్గులు, గేరు ఆయిల్, పెట్రోల్ ఫిల్టర్ ఆ వారమే కొత్తవి వేయించింది. ఎంత మంచి పాత ఇంజనైనా కొన్న రోజున ఇవి మార్చుకోవాల్సిందే. పాత యజమాని ఎప్పుడు మార్చాడన్నది ఆయన నోటి మాట తప్ప మనకు ఆధారం లేదు.

ఇక పోషణ. ఇందులో ముఖ్యమైనది ఒక పాత డ్రమ్ము, మంచినీళ్లు. వేట నుంచి రాగానే ఇంజను విప్పి, కాలు డ్రమ్ములో మునిగేలా బిగించి, పది నిమిషాలు నెమ్మదిగా నడపాలి. లోపలి ఉప్పంతా కడిగేస్తుంది. మంచినీళ్లు మోసుకొచ్చుకునే ఊళ్లో డ్రమ్ము నీళ్లంటే తేలిక కాదు. అయినా ఆమె మానలేదు. "మొగుడికి కాళ్లకు నీళ్లిచ్చాక ఇంజనుకి ఇత్తాను" అని నవ్వేది.

టూ స్ట్రోక్ ఇంజనుకు పెట్రోల్‌లోనే ఆయిల్ కలపాలి. చాలా ఇంజన్లకు 10 లీటర్ల పెట్రోల్‌కు 200 మిల్లీలీటర్లు. మీ ఇంజను పుస్తకంలో వేరే కొలత ఉంటే అదే పాటించండి. అది పడవ ఇంజన్ల కోసం చేసిన ఆయిల్ అయి ఉండాలి. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉంటుంది. మోటారు సైకిల్ ఆయిల్ పనికిరాదు. గేరు ఆయిల్ 100 గంటలకోసారి మార్చాలి. నింపేటప్పుడు కింది రంధ్రం నుంచి ఎక్కించి, పై రంధ్రంలోంచి కారే దాకా నింపాలి. పైనుంచి పోస్తే లోపల గాలి మిగిలిపోతుంది. ఇంపెల్లర్ ఏడాదికోసారి మార్చండి, బాగానే ఉన్నా సరే.

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. ఇంజన్లు ఎక్కువగా పాడయ్యేది నడిచేటప్పుడు కాదు, ఈ రెండు నెలలు ఊరికే ఉన్నప్పుడు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీళ్లు అడుగుకు దిగుతాయి, కార్బురేటర్‌లో జిగురు, తుప్పు పడతాయి. అందుకని నిషేధం మొదలయ్యే రోజునే మంచినీళ్లతో కడిగి, ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లోని పెట్రోల్ వంచెయ్యాలి. ప్లగ్గులు తీసి సిలిండర్లలో కొంచెం ఆయిల్ పోసి, తాడు రెండు సార్లు మెల్లగా లాగి, ఇంజనును నిలువుగా నీడలో పెట్టాలి. జూన్‌లో వేటకు వెళ్లే ముందురోజు కొత్త పెట్రోల్ పోసి, డ్రమ్ములో నడిపి చూసుకోవాలి.

ఇంజను పొరపాటున సముద్రంలో పడిపోయి బయటికి తీస్తే, ఎండలో ఆరబెట్టకండి. గాలి తగిలిన క్షణం నుంచే తుప్పు మొదలవుతుంది. వెంటనే మంచినీళ్లతో కడిగి, ప్లగ్గులు తీసి నీరంతా వంచి, ఆయిల్ పట్టించి మేస్త్రి దగ్గరికి చేర్చాలి. మేస్త్రి రావడం ఆలస్యమైతే మంచినీళ్ల డ్రమ్ములోనే ముంచి ఉంచండి. తుపాను తర్వాత చవగ్గా అమ్మకానికొచ్చే ఇంజన్లను మాత్రం ఒకటికి రెండుసార్లు చూడండి. అవి మునిగి తేలినవి కావచ్చు.

ఇక్కడ శాఖల్లో పనిచేస్తున్న పిల్లలున్నారు కాబట్టి ఒక మాట. 2018-19 బడ్జెట్‌లో కిసాన్ క్రెడిట్ కార్డును మత్స్యకారులకూ వర్తింపజేశారు. అది ఆయిలు, ఐసు, కూలి లాంటి రోజువారీ ఖర్చులకు. ఇంజను కొనడానికి కాల పరిమితి రుణం ఇవ్వాలి. రెండూ కలిపేస్తే కార్డు డబ్బు ఇంజనులో ఇరుక్కుని, డీజిలుకో పెట్రోలుకో మళ్లీ వడ్డీ వ్యాపారి దగ్గరికే వెళతాడు. అప్పు ఇచ్చే ముందు ఒడ్డుకు వెళ్లండి. ధారలో వేలు పెట్టండి. పడవలో లైఫ్ జాకెట్లు ఉన్నాయా, నడిపేవాడు జారిపడితే ఇంజనును ఆపే తాడు అతని మణికట్టుకు ఉందా చూడండి. ఇది తనిఖీ పత్రంలో ఏ గడిలోనూ ఉండదు.

ఆ దంపతులు మొదటి ఇంజను అప్పూ, రెండో ఇంజను అప్పూ రెండూ తీర్చారు. పనికిరాని ఇంజనుకు కూడా వాయిదాలు కట్టారు. నేను బదిలీ అయ్యే ముందు వాళ్లింటికి వెళ్లాను. డ్రమ్ము పక్కన గోడకు ఒక క్యాలెండరు వేలాడుతోంది. ఆమెకు చదువు రాదు. ఇంజను కడిగిన ప్రతి రోజు మీదా పసుపు బొట్టు పెట్టింది. ఇంపెల్లర్ మార్చిన రోజున కుంకుమ బొట్టు. నెలంతా చూశాను. వేటకెళ్లిన ఒక్క రోజూ ఖాళీగా లేదు.

నా సర్వీసులో ఎన్నో లెడ్జర్లు చూశాను. అంత సరిగ్గా ఉన్నది ఇంకోటి చూడలేదు.