పెళ్ళి వీడియో నుంచి కోర్టు వీడియో దాకా
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏడూ నేను స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడతాను. ఈసారి ఒక చేతిపని గురించి చెబుతాను.

మన తణుకులో పెళ్ళి వీడియోలు తీసి, ఎడిటింగ్ చేసుకుని బతికే కుర్రాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. సీజన్‌లో రాత్రీ పగలూ పని. మూఢం వచ్చినా, రంజాన్ నెల వచ్చినా ఖాళీ. వాళ్ళ చేతిలో ఉన్న ఆ విద్యకు ఇంకొంత చేర్చితే, కోర్టులో ఒక మనిషికి న్యాయం జరగడానికి పనికొస్తుంది.

ఇది నాకు ఎలా తట్టిందో చెబుతాను. కొన్నేళ్ళ కిందట నా పాత విద్యార్థి ఒకణ్ణి హైవే మీద లారీ గుద్దింది. కాలు పోయింది. తప్పు నీదేనన్నారు అవతలివాళ్ళు. ఎదురు షాపు సీసీ కెమెరాలో అంతా పడింది. వాళ్ళన్న పరుగెత్తుకెళ్ళి, తెర మీద ఆడుతున్నదాన్ని సెల్‌ఫోన్‌తో తీసుకొచ్చి "మాస్టారూ, ఇది చాలా?" అని నన్నే అడిగాడు. "చాలురా" అన్నాను. తెలిసిన కుర్రాడొకడు దానికి ఎర్ర గీత చుట్టి, లారీ వచ్చే చోట స్లోమోషన్ పెట్టి, వెనక ఏడుపు పాట వేసి వాట్సాప్‌లో తిప్పాడు. వకీలుగారు అసలు రికార్డు అడిగేసరికి షాపు డీవీఆర్‌లో పాత రోజులు చెరిగిపోయి కొత్తవి ఎక్కేశాయి. ఎక్కడ కత్తిరించారు, ఎవరు వేగం తగ్గించారు అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. చివరికి రాజీపడి, ఇచ్చింది పుచ్చుకున్నారు. నేనన్న ఆ "చాలురా" ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెబుతాను. కేరళ ఎన్నికల వివాదమొకటి, అన్వర్ వర్సెస్ బషీర్ కేసు, 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రసంగాలు, పాటలు సీడీల్లోకి ఎక్కించి తెచ్చారు గాని, సాక్ష్య చట్టం 65బి సెక్షన్ అడిగే సర్టిఫికెట్ తేలేదు. ఆ సీడీలు చెల్లలేదు. 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో అదే మాట మళ్ళీ ఖాయం చేశారు: అసలు పరికరాన్నే దాని యజమాని తెచ్చి చూపితే సరే, కాపీ తెస్తే సర్టిఫికెట్ ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో ఇది 63వ సెక్షన్. సర్టిఫికెట్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి దాఖలు చేసేవారిది, రెండోది నిపుణుడిది. ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఒక్క చుక్క మారినా అది మారిపోతుంది.

వీడియో నేరం మోపడానికే కాదు, నిర్దోషిని కాపాడడానికీ పనికొస్తుంది. వారణాసి హోటల్లో జరిగిన మరణం కేసులో ఇద్దరు ఇటలీ దేశస్థులకు శిక్ష పడింది. హోటల్ సీసీ కెమెరా రికార్డును ప్రాసిక్యూషన్ కోర్టుకు తేనేలేదు. 2015లో సుప్రీంకోర్టు ఆ లోపాన్ని గట్టిగా ఎత్తిచూపి వాళ్ళను విడిచిపెట్టింది.

చూపించే తీరులోనూ ప్రమాదముంది. 1991లో లాస్ ఏంజెలెస్‌లో పోలీసులు రాడ్నీ కింగ్‌ను కొట్టిన వీడియో లోకమంతా చూసింది. కోర్టులో పోలీసుల వకీళ్ళు దాన్ని ఫ్రేము ఫ్రేముగా ఆపి, ప్రతి దెబ్బకూ ఒక కారణం చెప్పారు. 1992లో ఆ జ్యూరీ ఒక్కరికీ శిక్ష వేయలేదు. ఇద్దరికి శిక్ష పడింది మరుసటి ఏడు ఫెడరల్ కోర్టులో. 2024లో అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక జడ్జి, ఏఐతో స్పష్టం చేసిన సెల్‌ఫోన్ వీడియోను ఒప్పుకోలేదు. లేని చుక్కలను యంత్రం కల్పిస్తుంది గనుక.

అందుకే మన కుర్రాళ్ళకు ముందు నేర్పాల్సింది చేతిని ఆపుకోవడం. రికార్డు చెరిగిపోకముందే డీవీఆర్ నుంచి అసలు ఫార్మాట్‌లోనే తీయాలి. డీవీఆర్ గడియారానికీ అసలు టైముకూ తేడా ఎంతో రాసుకోవాలి. హ్యాష్ వెంటనే నమోదు చేయాలి. అసలు ఫైలును ముట్టుకోకుండా కాపీ మీదే పని చేయాలి. కత్తిరించినా, వెలుతురు పెంచినా, బాణం గుర్తు పెట్టినా ప్రతి అడుగూ పుస్తకంలో రాయాలి. స్లోమోషన్ చూపిస్తే మామూలు వేగంతోనూ చూపాలి. పాట పెట్టకూడదు. పెళ్ళి వీడియోలో అందం కోసం చేసేవన్నీ ఇక్కడ తప్పులే.

వీళ్ళు నిపుణులైపోరు. నిపుణుడి భాగం నిపుణుడే నింపాలి. కాని నిపుణుడి చేతికి శుభ్రమైన ఫైలు అందించేవాడు ఊళ్ళో ఉండాలి. పై చదువు కావాలంటే గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ఉంది.

నా విన్నపం ఇది. ఈ ఏడు మనం ఇచ్చే సాయంలో కొంత ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళ శిక్షణకు కేటాయించండి. అమ్మాయిలను మరవకండి. నేర్చుకున్నవాళ్ళు పేదల కేసులకు డబ్బు తీసుకోకుండా చేయాలని షరతు పెట్టండి. ఆ కేసు ఏ మతం వారిదైనా సరే. గవాహీ నిజంగా చెప్పడం మనకు ఫర్జ్. కెమెరా చెప్పే గవాహీని చెడగొట్టకుండా కోర్టు దాకా చేర్చడమూ అందులో భాగమే.

మళ్ళీ ఎవరైనా వచ్చి "మాస్టారూ, ఇది చాలా?" అని అడిగితే, "ఆగు, ఫలానా వీధిలో మనవాడున్నాడు, అతణ్ణి షాపుకు తీసుకెళ్ళు" అని నేను చెప్పగలగాలి. ఆ రోజు కోసం దుఆ చేయండి. సెలవు.